అంతరిక్ష ఓడకు మొక్కిన గడ్డం

మా ఆయన గడ్డం పెంచడం మొదలుపెట్టిన నెలలోనే నా మెడలో కణితి ఉందని డాక్టరమ్మ చెప్పింది. ఈ రెండింటినీ కలిపి ముడివేసింది నేనొక్కదాన్నే కాదు, మా గల్లీ మొత్తం ముడివేసింది.

మా వైపు సంగతి తెలియని వాళ్లకు ఒక మాట చెప్పాలి. రోజూ నున్నగా గీసుకునే మగవాడు ఉన్నట్టుండి బ్లేడు పక్కన పెట్టాడంటే అది మొక్కేనని అందరికీ అర్థమైపోతుంది. దేనికని ఎవరూ అడగరు. అతనూ చెప్పడు. నెరవేరకముందే బయటికి చెప్తే మొక్కుకు బలం పోతుందంటారు. నెరవేరాక మాత్రం బోరంచ నల్లపోచమ్మ దగ్గరికి పోయి, ఆ వెంట్రుకలు ఇచ్చి, ఎవరి కోసం మొక్కాడో, దేని కోసం మొక్కాడో అక్కడ గట్టిగా చెప్పాలి. కాబట్టి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. మా సంసారంలో ఇంత పెద్ద పొరపాటు ఇంత పద్ధతిగా జరగడం అదే మొదటిసారి.

నారాయణఖేడ్‌లో మాకు పిండిగిర్ని ఉంది. ఆయన మిషన్ నడుపుతాడు, వంట అయ్యాక నేను వెళ్లి డబ్బాలు, సంచులు చూసుకుంటాను. గడ్డం పెరిగేకొద్దీ అందులో పిండి నిలవడం మొదలైంది. పొద్దున నల్లటి గడ్డంతో వెళ్లిన మనిషి మధ్యాహ్నానికి జొన్నపిండితో తెల్లబడేవాడు. మిరపకాయలు పట్టిన రోజు ఎర్రబడి, తుమ్ముకుంటూ ఇంటికి వచ్చేవాడు. పసుపు కొమ్ములు పట్టిన రోజు సంగతి చెప్పను. ఇంకొకరైతే చూసి నవ్వేవాళ్లు. మా గిర్నిలో వరుసలో నిలబడ్డ ఆడవాళ్లు మాత్రం ఆయన్ని చూసి చేతులు జోడించడం ఒక్కటే తక్కువ.

"గిసొంటి మొగడు ఎవలకు దొరుకుతడే," అనేది మా గల్లీలో అందరికంటే పెద్దదైన అవ్వ, జొన్నల సంచి మీద కూర్చుని. "నా కాలు ఇరిగినప్పుడు మా ముసలోడు గుడ్డపేలిక కట్టుకొమ్మన్నడు. గడ్డం గాదు, నా కొరకు గోరు సుత పెంచలె."

ఆ మాటకు నేను పొంగిపోయేదాన్ని. పొంగిపోవడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. మాది నాగల్‌గిద్ద వైపు. మా అమ్మకు ఉబ్బసం, ఇంట్లో చేతికింద ఒక మనిషి కావాలి, అందుకని నన్ను బడికి పంపలేదు. మా నాన్నే కంది చేను గట్టు మీద కూర్చోబెట్టి, మట్టిలో పుల్లతో అక్షరాలు దిద్దించాడు. తెలుగు అక్షరాలు, కన్నడ అంకెలు ఆయనకు వచ్చు కాబట్టి నాకూ అవే వచ్చాయి. ఇప్పటికీ గిర్ని డబ్బాల మీద నేను రాసే ఏడును చూసి జనం తికమకపడతారు. చదువుతో పాటు ఇంకొకటి నేర్పాడు. ముద్ద నోట్లో పెట్టుకునే ముందు, అది అక్కడిదాకా రావడానికి ఎన్ని చేతులు తగిలాయో తలుచుకోమనేవాడు. దున్నిన చేయి, కోసిన చేయి, విసిరిన చేయి. నేను ఆ అలవాటు వదల్లేదు. ప్రతి మంగళవారం దీపం పెట్టి పోచమ్మకు ఒక్కొక్కటిగా చెప్పుకుంటాను. నల్లాలో నీళ్లు వచ్చినందుకు, మిషన్ పట్టా తెగనందుకు, పొద్దున్నే లేచినందుకు. డాక్టరమ్మ చెప్పిన తర్వాత ఆ వరుసలో ఒకటి చేరింది. "నా మొగడు నా కొరకు గడ్డం పెంచుతుండు తల్లీ, సల్లంగ సూడు."

నిజం చెప్పాలంటే ఆ కణితి భయం నన్ను లోపల తినేసేది. అది మంచిదో చెడ్డదో కోసి తీస్తే గాని తెలియదన్నారు. పట్నంలో పెద్ద దవాఖానలో ఆపరేషన్ అన్నారు. నేను కాన్పులకు తప్ప దవాఖాన మంచం ఎక్కిన దాన్ని కాదు. మెడ కోస్తారన్న మాట తలుచుకుంటే నడిరాత్రి లేచి కూర్చునేదాన్ని. అప్పుడు ఆ గడ్డం వైపు చూసుకునేదాన్ని. నా కోసం ఒక మనిషి పిండి మోస్తున్నాడు, దురద ఓర్చుకుంటున్నాడు అనుకుని మళ్లీ పడుకునేదాన్ని.

మా గిర్ని పక్కనే మా ఆయన చిన్ననాటి దోస్తుది మొబైల్ షాపు. ఫోన్లకు అద్దాలు అతికిస్తాడు, చార్జర్లు అమ్ముతాడు. అతనూ గడ్డం పెంచుతున్నాడు. అది ఒక చెంప మీద వచ్చి ఇంకో చెంప మీద రాలేదు. అతనిది ఫ్యాషన్ అనుకున్నాను. అక్కడే నాకు బుర్ర వెలగాల్సింది. ఆ మనిషికి ఫ్యాషన్ ఉంటే ముందు చొక్కాకు గుండీలు కుట్టించుకునేవాడు.

ఒక మధ్యాహ్నం గిర్ని నిండా జనం ఉన్నారు. కల్హేర్ వైపు నుంచి ఆటోలో వచ్చిన ఆడవాళ్లు కూడా ఉన్నారు. మిషన్ మోతలో ఎవరి మాట ఎవరికీ వినపడదు. అప్పుడు ఈ దోస్తు ఫోను పైకెత్తి పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. మా ఆయన కంగారుపడి మిషన్ ఆపాడు. ఆ నిశ్శబ్దంలో అతని కేక గల్లీ చివరిదాకా వినపడింది.

"భాయ్! తారీఖు వచ్చింది భాయ్! ఓడ వస్తుంది! ఇగ గడ్డాలు తీసుడే!"

అందరూ అతని వైపు చూశారు. అవ్వ తన సంచి మీది నుంచి అడిగింది. "ఏం ఓడరా? నీ గడ్డానికి ఓడకు ఏం సంబంధం?"

"ఆట అవ్వా! మేం చిన్నప్పుడు ఆడిన ఆట. దాని కొత్త భాగం వస్తుంది. అది వచ్చేదాంక బ్లేడు ముట్టొద్దని నేను, భాయ్ ఇద్దరం ఒట్టు పెట్టుకున్నం. నేను ఒక దిక్కు, ఆయన ఒక దిక్కు, ఇద్దరం మొక్కినం."

అవ్వ మెల్లగా నా వైపు తిరిగింది. వరుస మొత్తం నా వైపు తిరిగింది. నేను కల్హేర్ ఆమె జొన్నపిండి జల్లెడ పడుతున్నాను. చేయి ఆపకుండా పట్టాను. చేయి ఆపితే ఏం చేస్తానో నాకే తెలియదు. మా ఆయన మిషన్ మళ్లీ వేశాడు. వేసి, పోయాల్సిన జొన్నలు పోయకుండా ఒట్టి మిషన్‌నే తిప్పాడు.

ఆ ఆట ఏమిటో చదివేవాళ్లకు చెప్పాలి, చెప్పడానికి పెద్దగా ఏమీ లేకపోయినా. వీళ్ల చిన్నతనంలో ఖేడ్ బస్టాండు వెనక రేకుల షెడ్డులో బీరువా అంత డబ్బా ఒకటి ఉండేదట. రూపాయి బిళ్ల వేస్తే దాంట్లో ఒక చిన్న ఓడ కదిలేది. నీళ్ల మీది ఓడ కాదు, చుక్కల మధ్య తిరిగే ఓడ. అది ఎడమ నుంచి కుడికి పోతూనే ఉంటుంది. ఎక్కడికి పోతుందో, అక్కడ ఏం పని ఉందో ఎవరికీ తెలియదు. ఎదురుగా పురుగుల్లాంటివి గుంపులు గుంపులుగా వస్తాయి. ఇది కాలుస్తుంది. ఇంకో గుంపు వస్తుంది. మళ్లీ కాలుస్తుంది. కందికి కాయతొలిచే పురుగు పడితే మా నాన్న వీపుకు డబ్బా కట్టుకుని జీవితమంతా చేసిన పని అదే. ఆయన కోసం ఎవరూ గడ్డం పెంచలేదు.

బడి ఎగ్గొట్టి ఆ షెడ్డులో నిలబడినందుకు మా మామ ఈయన్ని పొలంలో కట్టెతో కొట్టాడట. ఆ దెబ్బల గురించి ఈయన పతకాలు వచ్చినట్టు చెప్పుకుంటాడు. ఆ ఆటకు తర్వాత ఎన్నో భాగాలు వచ్చాయట. తర్వాత చేసేవాళ్లు మానేశారట. షెడ్డు పోయింది, డబ్బా పోయింది, వీళ్ల తలల మీది జుట్టు సగం పోయింది. ఇప్పుడు ఎక్కడో దూరదేశంలో కూర్చున్న వాళ్లకు పాత ఆట గుర్తొచ్చి, కొత్తది చేస్తున్నామని ఒక చిన్న వీడియో వదిలారు. వాళ్లు వదిలిన ఆ ఒక్క నిమిషాన్ని వీళ్లిద్దరూ నెలల తరబడి నమిలారు.

ఆ రోజు ఇంటికి వచ్చాక నేను అరవలేదు. రొట్టెలు చేశాను. ఒక్కో రొట్టె మామూలు కంటే గట్టిగా చరిచాను. ఆయన పీట మీద కూర్చుని, పెట్టింది తింటూ, పప్పులో ఉప్పు లేకపోయినా నోరెత్తలేదు. అప్పుడు అడిగాను.

"నేను నా కొరకే అనుకుంటున్ననని నీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదటి వారంలనే తెలిసె."

"మరి చెప్పలేదేంది?"

"నువ్వు గంత సంబురపడుతుంటివి. గిర్నికి వచ్చినోళ్లందరికి చెప్పుకుంటుంటివి. గా సంబురం నడుమ ఎట్ల చెప్పాలె?"

"నోటితోని చెప్పాలె."

ఆయన రొట్టె తుంచాడు. తినలేదు. "నీ మెడ గురించి తెల్వకముందే మొక్కినం మేము. తెలిసినాంక, ఇంక మొక్కు మారుస్తే ఎట్లుంటదో అనుకున్న. మొక్కు మార్చొచ్చో లేదో తెల్వలె. అడుగుదామంటే మొక్కు గురించి ఎవల్నీ అడగొద్దాయె."

ఇంత చేతగాని జవాబు నేను నా జన్మలో వినలేదు. కానీ అది అబద్ధం కాదని మాత్రం తెలిసింది. అబద్ధం చెప్పడానికి ఆ మనిషికి అంత తెలివి లేదు, అందుకు పోచమ్మకు వేరే దండం పెట్టుకోవాలి.

"ఇగో ఇను," అన్నాను. "మంగళవారం మంగళవారం నేను అమ్మకు చెప్పిన. నా మొగడు నా కొరకే పెంచుతుండని చెప్పిన. ఇప్పుడు అమ్మ ముందట నన్ను అబద్ధాలకోరును చేసినవ్. ఇగ గా గడ్డం నీది కాదు. నీ దోస్తుది కాదు. అమ్మది. ఆపరేషన్ అయినంక బోరంచకు పోయి నా పేరు మీద ఇయ్యాలె. గప్పటిదాంక దానికి కత్తెర తగిలితే నేను పట్నం పోను, మెడ కొయ్యించుకోను."

ఆయన గడ్డం గోక్కున్నాడు. పప్పులో పిండి రాలింది.

"మరి ఓడకు?" అన్నాడు.

నేను తల తిప్పి ఆయన వైపు చూశాను. ఆయన రొట్టె తిన్నాడు.

దోస్తు మాత్రం ఆ సాయంత్రమే గీయించుకున్నాడు. తారీఖు ప్రకటించారు కదా, ఇక వచ్చినట్టేనని అతని లెక్క. నున్నటి మొహంతో మర్నాడు గిర్నికి వచ్చి నన్ను బుజ్జగించబోయాడు.

"వదినా, ఒక్కసారి నువ్వు గా వీడియో సూడు. సూస్తే నీకు సుత సమజైతది."

చూపించాడు. చీకటి. చుక్కలు. పాత రాగం ఒక ముక్క. ఎడమ పక్కనుంచి ఓడ ముక్కు కొంచెం కనిపించింది. తర్వాత అక్షరాలు వచ్చాయి. అయిపోయింది. తల ఎత్తి చూస్తే వీళ్లిద్దరి కళ్లలో నీళ్లు.

"మిగిలింది ఏది?" అన్నాను.

"గంతే వదినా."

"ఓడ మొత్తం సుత కనపడలె."

"గదే వదినా మజా! ముక్కు సూసినవా? పాతదానికి మూతి గట్ల వంగి ఉండకపోయేది. ఇప్పుడు వంచిండ్రు. ఎందుకు వంచిండ్రో అని మేం ఇద్దరం పరేషాన్ అవుతున్నం."

"ఇంక నేను వేరేదానికి పరేషాన్ అవుతున్న తమ్మీ," అని మెడ చూపించాను. అతను ఫోను జేబులో పెట్టుకుని, అద్దాలు అతికించుకోవడానికి పోయాడు.

కొన్నాళ్లకు పిడుగు పడింది. ఆట వాయిదా పడింది. మరింత బాగా తీర్చిదిద్దడం కోసమట, ఓపిక పట్టిన అభిమానులకు కృతజ్ఞతలట, కొత్త తారీఖు త్వరలో చెప్తారట. కృతజ్ఞతలు అన్న మాటను అంత అగ్గువగా వాడటం నేనెక్కడా చూడలేదు. ఇష్టం లేని పెళ్లిని పెద్దవాళ్లు సాగదీసేటప్పుడు మాట్లాడే తీరు అది. కానీ మా దోస్తు తప్పు వాళ్లది అనుకోలేదు. తన నున్నటి చెంపలదే అనుకున్నాడు. తొందరపడి ముందే గీయించుకున్నందుకు ఓడ వెనక్కి పోయిందని గిర్ని గుమ్మంలో కూలబడ్డాడు.

"నీ గడ్డమే ఇగ దిక్కు భాయ్," అన్నాడు మా ఆయనతో. "అది ఉన్నదాంకనే ఆశ."

"దాన్ని బోరంచల ఇయ్యాలెరా," అన్నాడు ఈయన, నా వైపు చూడకుండా.

అతను నా కాళ్ల దగ్గరికి వచ్చినంత పని చేశాడు. "వదినా, మొత్తం తియ్యకు. కొంచెమన్న ఉంచు. ఒక్క చెంపకు ఉంచినా చాలు."

అవ్వ పక్కనుంచి అందుకుంది. "నీకు ఒక్క చెంపకే వచ్చె గద కొడుకా, వచ్చిన ఓడ సుత సగమే కనపడె. ఇప్పుడు ఈయన గడ్డం సుత సగమేనా?"

గిర్నిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. డాక్టరమ్మ మాట విన్నప్పటి నుంచి నేను నవ్వడం అదే మొదలు, అందుకు అవ్వకు ఆ రోజు పిండి పట్టిన కూలి వద్దన్నాను.

ఆపరేషన్ రోజు వచ్చింది. దవాఖాన వరండాలో ఈయన గడ్డంతో కూర్చున్నాడు. ఎంత కడిగినా కుదుళ్లలో పిండి పోలేదు. నన్ను లోపలికి తీసుకుపోయేముందు నర్సు వచ్చి, "ఈమెతోని ఎవరొచ్చిండ్రు?" అంది. ఈయన దిగ్గున లేచాడు. లేవగానే చొక్కా మీద తెల్లటి పొడి రాలింది. పక్క బెంచీ మీది కుర్రాడికి ఫోనులో ఆ ఓడ ముక్కు చూపిస్తున్నాడని అప్పుడు గమనించాను. కట్టుకున్నదాని మెడ కోస్తుంటే ఇలాంటి పని చేసే మగవాడు ఈ జిల్లాలో ఇంకొకడు ఉండడు. చక్రాల మంచం మీద పోతూ ఆ కోపంలోనే ఉన్నాను. కోపంలో ఉన్నందుకు భయం వెయ్యలేదు. మత్తు సూది వేసేటప్పుడు కూడా మనసులో ఆయన్ని తిడుతూనే ఉన్నానని గుర్తు.

కణితి మంచిదే. కోసి తీసి, పరీక్షకు పంపి, భయపడాల్సింది ఏమీ లేదన్నారు. ఆ మాట చెప్పిన డాక్టరు చేతికి, కోసిన చేతికి, కుట్టిన చేతికి, నాకు గంజి తాగించిన నర్సు చేతికి, ఒక్కొక్కటిగా దండం పెట్టుకున్నాను.

మెడ మీద పట్టీ తీసిన వారానికి బోరంచ పోయాం. నేను బోనం ఎత్తుకున్నాను, అవ్వ వస్తానంటే ఆమెనూ ఆటోలో ఎక్కించుకున్నాం. గుడి పక్కన చెట్టు నీడలో వెంట్రుకలు తీసే పెద్దమనిషి రాయి మీద నీళ్లు చల్లి, మా ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. కత్తి నూరుతూ, అందరినీ అడిగినట్టే అడిగాడు.

"ఎవల మొక్కు బిడ్డా? దేనికి మొక్కినవ్? అమ్మకు ఇనపడేటట్టు చెప్పు."

నేను బోనం పట్టుకుని నిలబడ్డాను. ఒక్క మాట చాలు. నా భార్య కోసం అంటే అయిపోతుంది. నా మంగళవారాలన్నీ నిజమైపోతాయి. మా ఆయన నా వైపు చూశాడు. తర్వాత గుడి వైపు తిరిగాడు.

"మొదట్ల ఒక ఆట కొరకు మొక్కిన తల్లీ," అన్నాడు. "తర్వాత ఈమె కొరకు. ఈమెకు మెడల కణితి లేసింది. అప్పటినుంచి ఈ గడ్డం చూసినప్పుడల్లా నాకు ఓడ ఒక్కటే యాదికి రాలె. ఈమె మెడ సుత యాదికొచ్చింది. కని మొదట్ల మొక్కింది మాత్రం ఓడకే. నీ ముందట మళ్లా అబద్ధమెందుకు?"

అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పెద్దమనిషి కత్తి నూరడం ఆపాడు.

"ఏం ఓడ?"

మా ఆయన చెప్పాడు. చుక్కలు, పురుగులు, ఎడమ నుంచి కుడికి, అన్నీ చెప్పాడు. వంగిన మూతి గురించి కూడా చెప్పాడు. వెనక పిల్లకు పుట్టువెంట్రుకలు తీయించడానికి వచ్చిన వాళ్లు బారులు తీరి నిలబడి వింటున్నారు. నాకు భూమిలోకి పోదామనిపించింది.

"వచ్చిందా మరి గా ఓడ?" అని అడిగాడు పెద్దమనిషి.

"రాలె. వాయిదా పడ్డది."

"రానిదానికి ఎట్లిస్తవ్? పని కాకముందు మొక్కు తీర్చొద్దు, అమ్మ తీసుకోదు. ఈమె పని అయింది. ఈమె సొమ్ము ఈమెకు ఇయ్యి. ఓడ సొమ్ము ఉంచు." కత్తి మొనతో గాలిలో గీత గీసినట్టు చూపించాడు. "గడ్డం ఈమెది. మీసం ఓడది. సరేనా?"

మా ఆయన నా వైపు చూశాడు. కోర్టులో తీర్పు వచ్చినట్టు అందరూ నా వైపే చూస్తున్నారు. నేను ఆలోచించాను. గడ్డం పెద్దది, మీసం చిన్నది. నాకు దక్కాల్సిన వాటా న్యాయంగానే ఉంది. ఆయన అమ్మ ముందు నిజమే చెప్పాడు, నా కోసం కూడా ఆ నిజాన్ని మార్చలేదు. నేను ఊఁ అన్నాను. "కానీ జల్దీ, బోనం బరువైతుంది," అన్నాను.

నల్లటి వెంట్రుకలు రాయి మీద పడ్డాయి. నీళ్లు పోసి కడుగుతుంటే వాటిలోంచి జొన్నపిండి తెల్లగా కరిగి పారింది. అన్ని నెలల పిండి. ఆ గడ్డం కింద మొహం చిక్కిపోయి ఉందని అప్పుడు కనిపించింది. నా మెడ గురించి తెలిసిన దగ్గర్నుంచి చిక్కిపోయి ఉంటాడు, గడ్డం అడ్డుగా ఉండి నేను చూడలేదు.

ఇప్పుడు నా మెడ మీద సన్నటి గీత ఉంది, అంతే. ఆట ఇంకా రాలేదు. ఆ మీసం మాత్రం రెండు పెదవులూ దాటి కిందికి దిగింది. దోస్తు రోజూ వచ్చి దాన్ని దేవుడి గంట చూసినట్టు చూసి పోతాడు. ఆయన మజ్జిగ తాగితే సగం మజ్జిగ మీసమే తాగుతుంది, అంబలి తాగితే అది ఎండి అట్టకడుతుంది. నడివయసు మగవాళ్లు ఇంకా పూర్తిగా కనపడని ఓడ కోసం ఇలా ఆగమవడం నాకు ఇప్పటికీ బుద్ధిలేని పనిగానే కనిపిస్తుంది. ఆ మాట గిర్నిలో అందరి ముందూ అంటాను.

అయినా మంగళవారం దీపం పెట్టాక, నీళ్లకు, మిషన్ పట్టాకు, మెడకు, అన్నిటికీ దండం పెట్టుకున్నాక, చివర ఒకటి అడుగుతున్నాను. గా ఓడను జల్దీ దించు తల్లీ, ఈ మనిషి మజ్జిగ తాగుతుంటే నేను సూడలేక పోతున్న.